శరీరము చెప్పు సాక్ష్యము



ఉపాసనామందిరమున దేహమును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా దోచవచ్చును. పరమాత్మను గూర్చి వినవచ్చినవారికి ఆకలిదప్పులను గూర్చియు నిద్రను గూర్చియు జెప్పనేల యని మీలో నొకరిద్దరైన ననుకొందురు. వారికి మేము మొదట మనవిచేయున దిది. తైత్తిరీయోపనిషత్తున భృగువు బ్రహ్మము నెఱుంగగోరి తపస్సు చేసినప్పు డాతనికి మొట్టమొదట దోచినది అన్నము. తరువాత ప్రాణము, మనస్సు, విజ్ఞానము, కడపట నానందము. మొదటిమెట్టును దాటి భృగువు పైకి బోయెనే కాని, దానిని ద్రోసివేసి పోలేదు.

దేహమును బాధించుటయే భక్తియని మన పూర్వులలో బెక్కండ్రు తలచిరి. ఉపవాసముల సంఖ్యనుబట్టి పుణ్యమును గొలిచినవారును గలరు. ఆ వ్రతములను వదలిన విద్యావంతులు దేహమునకు స్వాతంత్ర్య మిచ్చిరా యన్నచో, అదియు లేదు. ఉద్యోగమను క్రొత్త దేవతకు నిద్రను బలియిచ్చుచున్నారు. నాలుగు గంటలు నిద్రించి పని చేసితినని చెప్పుకొనుట నేటి సభ్యసమాజమున గొప్పతనము. ఏకాదశీవ్రతమును బరిహసించువారే దీనిని మెచ్చుకొందురు!

చరకసంహితయందు సూత్రస్థానమున నేడవ యధ్యాయ మొకటి గలదు. ప్రతి గృహస్థుడును దానిని జదువవలయునని మా యభిప్రాయము. మూత్రపురీషములు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమవలన గలుగు నిట్టూర్పు మొదలగు 13 వేగములను బలవంతముగా నాపరాదనియు, ఆపినచో నే వేగమువలన నే రోగము గలుగునో యదియు నందు జెప్పబడినది. అంతటితో నాగక, ఆపవలసిన వేగములు వేఱుగా గలవని యా గ్రంథమే చెప్పుచున్నది. అవి లోభము, శోకము, భయము, క్రోధము, అహంకారము, ఈర్ష్య, పరుషవాక్యము మున్నగునవి. నేటి పెద్దమనుష్యుని వర్తన మీ రెండు పట్టికలను దలక్రిందులు చేసినట్లుండును. సభ ముగియువరకు మూత్రమును బిగబట్టును. ఇల్లు చేరినవెంటనే కోపమును మాత్రము ధారాళముగా విడుచును. కన్నీరు పురుషునకు దగదని మ్రింగును. లోభమునకు మాత్రము హద్దు పెట్టడు.

లోపలి యవయవముల స్థితిని దెలుపు జ్ఞానమునకు బాశ్చాత్య శాస్త్రజ్ఞులును బేరు పెట్టియున్నారు. 1906వ సంవత్సరమున షెరింగ్టన్ పండితుడు నాడీమండలమును గూర్చి వ్రాసిన గ్రంథమున, బయటి వెలుగును ధ్వనిని గ్రహించు నింద్రియములనుండి వీనిని వేఱుచేసి చూపెను. గుండెను, శ్వాసకోశములను, జీర్ణాశయమును మెదడుతో గలుపు వేగస్ నాడియందలి తంతువులలో నధికభాగము మెదడునుండి యాజ్ఞలను గొనిపోవునవి కావు, మెదడునకు వార్తలను దెచ్చునవి. ఇన్ని వార్తలు వచ్చుచుండగా నొక్కటియు వినక, మన ముపాసనయందు అంతర్వాణిని విందుమని చెప్పుకొనుట యెట్లు?

అయినను దేహము చెప్పు ప్రతిమాటయు నమ్మదగినది కాదు. పొగాకు నలవాటు చేసికొన్న దేహము పొగాకునే యడుగును. మద్యపాయి దేహము మద్యమునే కోరును. ఇది స్వభావమా, అలవాటు తెచ్చిపెట్టిన యఱపా యని విచారింపవలయును. ఈ విషయమున బౌద్ధుల సంయుత్తనికాయమందలి కథ యొకటి మాకు మిక్కిలి ప్రియమైనది. కోసలరాజగు ప్రసేనజిత్తు ద్రోణపరిమాణమగు నన్నమును భుజించి, రొప్పుచు బుద్ధునికడకు వచ్చెను. బుద్ధు డాతని నుపవాసముండు మనలేదు. ఎఱుక గలిగి, మితమెఱిగి భుజించువానికి బాధలు తగ్గుననియు, ముదిమి మెల్లగా వచ్చుననియు నొక గాథ చెప్పెను. రాజు సుదర్శనుడను యువకుని బిలిచి, ఆ గాథను నేర్చి తన భోజనసమయమున వినిపింపుమని, దినమునకు 100 కార్షాపణముల జీతమేర్పఱచెను. క్రమముగా నాతని యాహారము నాళికకు దిగెను, దేహము తేలికయయ్యెను. ఆ రాజు తెలివిని గమనింపుడు. ఉదయమున జేసిన సంకల్పము మధ్యాహ్నము విస్తరిముందు నిలువదని యాత డెఱుగును. కావుననే యెఱుక కావలసిన క్షణమున దానిని మేల్కొలుపువాని నియమించుకొనెను.

మఱికొన్ని సందర్భములలో దేహ మసలే పలుకదు. రక్తపుపోటు సంవత్సరములకొలది నొప్పియు జెప్పక పెరుగును. మధుమేహము గలవారిలో గుండెపోటు సైతము నొప్పిలేక రావచ్చును. వృద్ధులకు దప్పిక మందగించును గాన వారు దప్పికకై వేచియుండక నీరు త్రాగవలయును. మన కేశవచంద్రసేనుడు మధుమేహపీడితుడై 1884లో 45 ఏండ్ల ప్రాయముననే గతించెను. ఇన్సులిన్ కనుగొనబడుటకు మఱి 37 సంవత్సరములు పట్టెను. నేడు సూదిమొనయంత రక్తముతో దెలియు విషయమును దెలిసికొనక, నాకేమియు లేదని యనువాడు ధైర్యశాలి కాడు. దేహము మాటాడుచోట వినుటయు, మాటాడనిచోట బరీక్షించుటయు రెండును గావలయును.

ఇంతవఱకు మేము చెప్పినది తన దేహముపై దనకు నధికారము గలవానికి. మన యిండ్లలో నట్టి యధికారము లేనివారి మాట యేమి? అందఱు తినినపిదప మిగిలినది తిను గృహిణికి ఆకలి యెప్పు డైనదను ప్రశ్నయే లేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేనుబట్టి 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత గలదు. ఆంధ్ర తెలంగాణములలోను సగముకంటె నెక్కువమందికి గలదు. రక్తహీనత పలుకు భాష ఆయాసము, నీరసము. ఆ పలుకును మన మేమని యనువదించితిమి? కోడలి సోమరితనమని! అత్తగారును ఒకనాడా నీరసమునే భరించి యుండును. తనదానిని విననివా రొరులదానిని వినజాలరు. బడిలో మఱుగుదొడ్డి సరిగా లేదని యుదయమునుండి నీరు త్రాగని బాలికకు దప్పిక తెలియదా? చక్కగా దెలియును. తెలిసియు మ్రింగుకొనుట యామె కలవాటైనది. అట్టి బాలికకు యోగాభ్యాసమును, శ్వాసధ్యానమును బోధింపబూనుటకు ముందు, బోధించువారు తలుపు గడియను బాగుచేయించుట మేలు.

దుకాణములలో దినమెల్ల నిలుచుండి వస్త్రములను జూపు స్త్రీల కాళ్లు వాచుచుండగా, వారికి గూర్చుండు హక్కు గలదని కేరళమున 2018లోను, తమిళనాట 2021లోను శాసనము చేయవలసివచ్చెను. కాళ్లనొప్పి వారికి జెప్పక మానలేదు; కూర్చుండుటకు ననుమతి లేకపోయెను.

మన సభ్యులలో దుకాణములును, పాఠశాలలును, కార్యాలయములును నడుపువారు గలరు. పనివారికి బీట లెన్ని యున్నవో, త్రాగునీ రెంతదూరమున నున్నదో, స్త్రీల మఱుగుదొడ్డి తలుపునకు లోపలి గడియ పడుచున్నదో లేదో స్వయముగా జూచి, వచ్చు నుపాసనదినమునాటికి లెక్క వ్రాసికొని రండు. ఆనాడు ప్రసంగమునకు మాఱుగా నా లెక్కలనే చదువుకొందము.