వెండి నలుపు

వెండి యినుమువలె త్రుప్పు పట్టి రాలిపోదు. కాని పెట్టెలో భద్రముగా దాచినను నల్లబడును. పండుగకు నాలుగు దినముల ముందు మన యిండ్లలో కుందులు, కుంకుమభరిణెలు, గంధపుగిన్నెలు, ఉగ్గుగిన్నెలు వెలికి వచ్చును. విభూతియో, సుద్దపొడియో, పండ్లపొడియో వేసి తళతళలాడువరకు తోముదురు. దేవుని యెదుట నల్లని కుంది నుంచుటకు ఏ యిల్లాలికిని మనసొప్పదు. ఆ శ్రమలో భక్తి కలదు; దానిని తక్కువ చేసి పలుకుట నా యుద్దేశము కాదు. అయినను ఈ తోముటలో మనము తీసివేయుచున్నదేమి యను ప్రశ్న యొకటి మిగిలియున్నది.

గాలిలో స్వల్పముగా నుండు గంధకపు వాయువులు వెండితో గలిసి యీ నల్లని పొరను గల్పించును. కోడిగ్రుడ్డు, ఉల్లి, ఉన్నిబట్ట, రబ్బరు తగిలినను ఇట్లే జరుగును. ఆ పొరలో, తూకమున నూటికి 87 పాళ్లు వెండియే. అనగా తోమిన గుడ్డకంటిన నలుపు చాలవరకు మన సొత్తే. గరుకు పొడితో రుద్దినప్పుడు దాని యడుగున నున్న మంచి వెండియు గొంత యరుగును.

ఒక పండుగకు పోవునది త్రాసులో తేలదు. మూడు తరములు గడచిన పిదప కంటికి గనబడును. మొదట లతల చెక్కడము చదునగును. తరువాత అంచుమీది యక్షరములు. మధురలోను, బెంగుళూరులోను, బరంపురములోను ఏనాడో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఆ యక్షరముల విలువ వేరు. పెండ్లినాడు పుట్టినింటివారు చెక్కించి యిచ్చిన పేరు, దాని ప్రక్కన ఊరు! తాము ఎచటినుండి వచ్చినదియు తెలుగు లిపిలో చెప్పు వస్తువు కొన్ని యిండ్లలో అదొక్కటియే. తెలుగు చదువనేర్చు మనుమరాలు పుట్టులోపల అది యరిగిపోయినచో, మిగులునది తూకమునకు వెండి మాత్రమే. ఇది మా గిన్నె, మా యిష్టము అందుమా? దానిని కొన్నది మనము కాదు. తుదిసారి వాడువారమును మనము కాము.

అట్లని నల్లగనే విడిచిపెట్టుట మేలనువారితో నేను ఏకీభవింపను. అన్నము తినిపించుటకై యిచ్చిన గిన్నెను బీరువాలో బంధించి, పూర్వులను గౌరవించితిమనుకొనుట సోమరితనమునకు పెట్టిన మంచిపేరు. పైగా నిత్యము వాడి, కడిగి, తడిలేకుండ తుడుచు గిన్నె అంతగా నల్లబడదు. దాచినదే నల్లబడును.

వెండి నరుగదీయక నలుపును విడిపించు నుపాయ మొకటి కలదు. గిన్నె యడుగున అల్యూమినియము రేకు పరచి, మరగిన నీరు పోసి, వంటసోడాయు కొంచెము ఉప్పును గలిపి, సామాను రేకును తాకునట్లు మునుగ నుంచవలెను. గంధకము వెండిని విడిచి అల్యూమినియమును జేరును. వెండి చాలవరకు ఉన్నచోటనే నిలుచును. కుళ్లిన గ్రుడ్ల వాసన కొంచెము వచ్చును గనుక కిటికీ తెరచియుంచుట మంచిది. రాళ్లు పొదిగిన నగలకును, లక్క నింపిన బోలు సామానులకును ఇది తగదు. ఇక 2024లో భౌగోళిక సూచిక పొందిన కటకపు తారకసి వంటి సన్నతీగ పని యున్నచో, దానిని రుద్దనే రాదు. తీగ గుడ్డకు తగులుకొని వంగును. పనితెలిసిన కంసాలి కొప్పగించుటయే మార్గము.

పేరు చెక్కిన గిన్నెను మాత్రము ఆ సోడానీటిలోను ముంచవలదు. కుంకుడు రసముతోనో, పలుచని సబ్బునీటితోనో కడిగి, మెత్తని నూలుగుడ్డతో అద్ది యారబెట్టిన చాలును. అక్షరముల లోతులలోని నలుపు నట్లే యుండనీయవలెను. అరిగిన గిన్నెమీద ఆ పేరు నేటికిని చదువ వీలగుచున్నది ఆ నలుపువలననే.