గట్టు మీద దీపం

మాఘ బహుళ చతుర్దశి. ఊరంతా శివరాత్రి జాగారంలో ఉంది. నేను ఏలూరు–కైకలూరు రోడ్డు దిగి, కొల్లేటి చేపల చెరువు గట్టు మీద కెమెరా నిలబెట్టుకుని కూచున్నాను. తెల్లవారుజాము నాలుగు. ఆగ్నేయాన వృశ్చికం వెనకాలే పాలపుంత నడిబొడ్డు లేస్తోంది. ఉత్తరాన ధ్రువనక్షత్రం 17 డిగ్రీల ఎత్తున, చేయి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే అందేటంత కిందనే ఉంది. దాని కింద మసక నారింజ వెలుగు మా ఏలూరుది.

20 సెకన్లు షట్టర్ తెరిచి ఉంచుతాను. ఇంకాసేపు ఉంచితే భూమి తిరుగుడుకి చుక్కలు గీతలైపోతాయి. అన్ని సెకన్ల వెలుగు కూడబెడితేగాని రంగులు రావు. నా కంటికి ఆనేది బూడిదచారే. మరి ఫొటోలో ఉన్నది నేను చూసిందేనా?

అది తేలకముందే పక్క చెరువు లైటు అడ్డొచ్చింది. కాసేపు ఆపమని కాపలా ఆయన్ని అడిగాను.

"ఎలా ఆపుతానండీ? ఆక్సిజన్ పడిపోయేది ఇప్పుడేనండి."

నిజమే. ఎండ లేని రాత్రంతా చేపలూ నాచూ పీల్చుకోవడమేగాని నీటికి తిరిగి చేరేది తక్కువ. పొద్దు పొడిచే ముందు ఆక్సిజన్ అడుగంటుతుంది. చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలితే, దీపం వెలుగులో చూసి వెంటనే ఏరేటర్ వెయ్యాలి. నాకు చీకటి కావలసిన గడియలోనే ఆయనకు వెలుగు కావాలి. ఎవరి అవసరం పెద్దది? చెరువులు కొల్లేటి సరస్సును ఆక్రమించినట్టే ఈ దీపాలు చీకటిని ఆక్రమించాయని వాదించవచ్చు. కానీ ఆ నారింజ వెలుగులో మా ఇంటి బల్బుల వాటా ఎంత?

చీకటి కోసం ఇలా వెతుక్కుంటుంటే ఒక పాత కథ గుర్తొచ్చింది. 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చాడు. ఆ కాసిన్ని నిమిషాల చీకటి కోసం అంత దూరం వచ్చినవాడు, మర్నాడు మామూలు ఎండలోనే వర్ణపటదర్శినితో వాటిని పట్టుకున్నాడు. సూర్యుడు అదే, వెలుగూ అదే. చూసే పద్ధతి మారింది.

పాలపుంతకు ఆ కిటుకు పనికిరాదు. పక్కనున్న మనిషికో?

ఆయన వచ్చి కెమెరా తెరలోకి వంగి చూశాడు. "ఇదంతా మన నెత్తినున్నదేనాండీ? రోజూ ఇక్కడే ఉంటాను, నీళ్లవంకే చూస్తాను." నీళ్లవంక నేను అప్పుడు చూశాను. దీపం కింద చిన్న చిన్న నోళ్లు తెరుచుకుంటున్నాయి. ఆయన ఏరేటర్ వైపు పరుగెత్తాడు.

ఫొటో మూలన ఆ దీపం పడింది. కత్తిరించాలా వద్దా, ఇంకా తేల్చుకోలేదు.