ఇల్లు కట్టేవాని ధర్మం

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్న సామెత తెలుగువారికీ తమిళులకూ ఉమ్మడి సొత్తు. ఆ మాటలోని హెచ్చరికను లోకం సాధారణంగా ధనానికీ శ్రమకూ అన్వయించుకుంటుంది. ఇటుక, సున్నం, కలప సమకూర్చుకోవడంలోని ప్రయాస, మేస్త్రీలతో పడే తగవులు, అంచనాను మించిపోయే ఖర్చు, ఇవే దాని తాత్పర్యమని అనుకుంటారు. కాని అంతకంటె కఠినమైన పరీక్ష ఒకటి శంకుస్థాపనకు ముందే జరిగిపోతుంది. గృహస్థు కాగితం ముందు కూర్చుని, ఇక్కడ వంటయిల్లు, ఇక్కడ పడకగది, ఇక్కడ మెట్లు అని గీతలు గీసే వేళ, తెలిసో తెలియకో కొందరి జీవితాలకు హద్దులు నిర్ణయిస్తాడు. అట్టి నిర్ణయం చేసే అధికారం అతనికి ఎంతవరకు ఉన్నది? తన ఇంటిని తన ఇష్టప్రకారం కట్టుకోవడం కేవలం అభిరుచికి సంబంధించిన విషయమా, లేక ధర్మానికి సంబంధించినదా?

'నేల నాది, సొమ్ము నాది, కనుక ఇష్టమూ నాదే' అనేది సులభమైన సమాధానం. దానిని పూర్తిగా తోసివేయడం న్యాయం కాదు. పరుల ఇంటిని చూసి కట్టుకున్న ఇల్లు పరుల కొలతకు కుట్టిన చొక్కా వంటిది. వేకువనే లేచి చదువుకునేవానికి తూర్పు వెలుతురు కావాలి. బంధువులు వచ్చిపోయే కుటుంబానికి విశాలమైన వసారా కావాలి. తన బ్రతుకు తీరు తెలిసినవాడే తన ఇంటి తీరు చెప్పగలడు. అయితే ఈ వాదంలో ఒక లోపం దాగి ఉన్నది. ఇంటికి యజమాని ఒక్కడే కావచ్చు. అందులో మసలేవారు అనేకులు. పటం గీయించే చేయి సాధారణంగా సంపాదించే చేయి. ఇంటిలోని అన్ని మూలల అనుభవమూ ఆ చేతికి ఉండదు. వంటయిల్లు ఆగ్నేయంలో ఉన్నదా లేదా అని యజమాని శ్రద్ధగా విచారిస్తాడు. పొగ పోయే దారి ఉన్నదా అనే విచారం పొయ్యి ఎదుట గంటల తరబడి నిలబడేవారిది. కాని పటం నాటి సంప్రదింపులో వారి మాటకు తావుండదు. ముసలితల్లి పడకను మేడమీద ఏర్పాటు చేసి, 'అక్కడ గాలి బాగా వస్తుంది' అనే కొడుకు అబద్ధమాడడం లేదు. ఆమె మోకాళ్ళను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. పనిమనిషి కూర్చుని ఇంత అన్నం తినే చోటు చాలా పటాలలో కానరాదు. ఆమె రోజూ వచ్చే మనిషే, ఆ ఇంటిని శుభ్రంగా నిలిపే మనిషే; అయినా గీతలలో ఆమె లేదు.

ప్రాచీనులు ఈ సమస్యను ఎరుగనివారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రం మూడవ అధికరణంలో ఇంటి నిర్మాణాన్ని గూర్చిన నియమాలున్నాయి. అవి ముఖ్యంగా పొరుగువారిని దృష్టిలో ఉంచుకుని చెప్పినవి. నీరు పోయే కాలువ, పొయ్యి, దంచే సాధనాలు మొదలైనవి పొరుగింటి నుండి ఇంత ఎడంగా ఉండాలని అందులో నిర్దేశమున్నది. నడుమ రాజమార్గం వంటి వీధి ఉంటే తప్ప, ఎదుటివాని ద్వారానికీ గవాక్షానికీ బాధ కలిగేటట్లు తన ద్వారాన్ని గాని గవాక్షాన్ని గాని పెట్టినవాడు దండనకు పాత్రుడు. ఇరుగుపొరుగు యజమానులు కలిసి మాట్లాడుకుని తమకు సమ్మతమైన రీతిని కట్టుకోవచ్చుననే వెసులుబాటు కూడా ఉన్నది. అనగా, ఇల్లు తనదే అయినా, తన ఇష్టం పొరుగువాని కిటికీ దగ్గర ఆగి అతని అనుమతి అడగాలి.

వాస్తుశాస్త్రం ఇంటి నడిభాగాన్ని బ్రహ్మస్థానమని పిలిచి, దానిపై బరువు మోపరాదన్నది. కేరళలోని నాలుకెట్టుకు నడుముట్టం, కోస్తా ఆంధ్రదేశపు లోగిలికి మండువా అట్టి తెరపిని ఇచ్చాయి. ఏ ఒక్కరి గదీ కాని ఆ జాగాలో ఎండా వానా ఇంటిల్లిపాదికీ సమంగా దిగేవి. కాని సత్యాన్ని సగం చెప్పి ఊరుకోరాదు. అట్టి ఇళ్ళలోనే ఏ కులంవాడు ఎంతవరకు రావచ్చునో గడపగడపకూ లెక్క ఉండేది. ఆడవారికి వెనుక వసారాయే లోకంగా ఉండేది. ఆకాశానికి తెరుచుకున్న ఇల్లు మనిషికి మూసుకుని ఉన్నది. పాత ఇంటిని మెచ్చుకునేవారు దాని స్తంభాలతోపాటు దాని గడపలను కూడా లెక్కించాలి.

1936లో గాంధీజీ వార్ధా సమీపంలోని సేగాఁవ్ గ్రామానికి వచ్చి నివసించారు. తరువాత ఆ గ్రామమే సేవాగ్రామ్ అయింది. మట్టిగోడలు, వెదురు, నాటుపెంకులతో కట్టిన అక్కడి కుటీరాల నిరాడంబరతను అందరూ కొనియాడతారు. అంతకంటె గమనించదగినది మరొకటి ఉన్నది. కుష్ఠువ్యాధి సోకిన సంస్కృత పండితుడు పర్చురే శాస్త్రి ఆశ్రమాన్ని ఆశ్రయించినప్పుడు, ఆయనకు గాంధీజీ కుటీరానికి చేరువలోనే ఒక కుటీరం ఏర్పడింది. గాంధీజీ తన చేతులతో ఆయనకు మర్దన చేసేవారు. ఆశ్రమం వెలసిన నాడు ఆ కుటీరం లేదు. మనిషి వచ్చాడు, అతనికోసం పటం మారింది. లోకం ఊరి వెలుపల నిలిపిన రోగికి ఇంటి చేరువనే చోటివ్వడం శిల్పశాస్త్ర విషయం కాదు. అయినా ఆ ఆవరణ రూపాన్ని నిర్ణయించినది అదే.

త్యాగమే ధర్మమనీ, కోరిక అధర్మమనీ దీనినిబట్టి భ్రమపడనక్కరలేదు. రవీంద్రనాథ్ ఠాకూర్ శాంతినికేతనంలో ఏ ఒక్క ఇంటిలోనూ స్థిరంగా నిలవక, కోణార్క్, శ్యామలి, పునశ్చ, ఉదీచి అంటూ కొత్త ఇళ్ళు కట్టించుకుంటూ మారుతూ వచ్చారు. ఇది కవి ముచ్చటే. కాని 1935లో కట్టిన శ్యామలికి గోడలతోపాటు కప్పును కూడా మట్టితోనే వేయించారు. పూరికప్పు నిప్పుకు ఆహుతి అవుతుంది. మట్టికప్పు నిలిస్తే పల్లెలోని పేదవానికి మేలు కదా అన్న ఆలోచన అందులో ఉన్నది. సురేంద్రనాథ్ కర్ దానిని రూపొందించగా, నందలాల్ బోస్, ఆయన శిష్యులు గోడలను శిల్పాలతో తీర్చారు. తన ముచ్చటను తీర్చుకుంటూనే పరుని అవసరాన్ని కూడా పరీక్షించవచ్చునని ఆ ఇల్లు చెబుతుంది.

లారీ బేకర్ జీవితం కూడా ఇందుకు నిదర్శనమే. 1917లో ఇంగ్లండులో పుట్టిన ఆ వాస్తుశిల్పి కుష్ఠురోగుల సేవాసంస్థ పనిమీద భారతదేశానికి వచ్చి, ఇక్కడే స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశారు. ఇంటికి కావలసిన సామగ్రి అయిదు మైళ్ళ వ్యాసార్ధంలో దొరికినదై ఉండాలని గాంధీజీ చెప్పిన మాట తన మార్గాన్ని నిర్ణయించిందని ఆయన చెప్పుకునేవారు. ఇటుకలను పక్కకు నిలబెట్టి, గోడ నడుమ ఖాళీ మిగిలేటట్లు కట్టే పద్ధతిని ఆయన విరివిగా వాడారు. అందువల్ల ఇటుకలలో సుమారు నాలుగవవంతు ఆదా అవుతుంది. గోడ లోపలి గాలి ఎండవేడిని అడ్డుకుంటుంది. ఇంటివారి అలవాట్లు అడిగి తెలుసుకోనిదే ఆయన పటానికి పూనుకునేవారు కారు. స్థలంలో చెట్టు ఉంటే గోడనే వంచేవారు. మాట్లాడలేని చెట్టుకు చోటిచ్చిన పటంలో మాట్లాడగల మనిషికి చోటు దొరకడం కష్టం కాదు.

అందరినీ సంప్రదిస్తూ కూర్చుంటే ఇల్లు ఎప్పటికి లేస్తుందని ఒక ఆక్షేపణ ఉన్నది. స్థలం కొద్ది, సొమ్ము కొద్ది. ఒకరికి గాలి ఇస్తే మరొకరికి తగ్గుతుంది. ఇది నిజమే. కాని ధర్మం అందరికీ సమానమైన గదులను కోరడం లేదు. ఇబ్బంది అంతా ఎల్లప్పుడూ సంప్రదింపులో లేనివారి పాలు కారాదని మాత్రమే కోరుతున్నది. పైగా అందుకయ్యే ఖర్చు చాలాసార్లు అల్పం. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవైన ఏటవాలు దారి, 90 సెంటీమీటర్ల వెడల్పున్న ద్వారం, రాత్రివేళ పట్టుకోవడానికి గోడకొక కమ్మీ. ఇవి గృహస్థును బీదవానిని చేయవు. వాటిని మరిచిపోవడానికి కారణం లేమి కాదు, తలపు లేకపోవడం.

కాబట్టి పటం ముగించేముందు గృహస్థు ఒక దినమంతా మనసులో ఆ ఇంటిలో సంచరించాలి, యజమానిగా కాదు. వేసవి మధ్యాహ్నం వంటయింటిలో నిలబడాలి. అర్ధరాత్రి మోకాళ్ళ నొప్పితో పడక నుండి స్నానాలగదికి నడవాలి. పెరటి గుమ్మం దగ్గర అలసి కూర్చోవాలి. పొరుగింటి కిటికీ నుండి తన గోడను చూడాలి. ఏ చోట తాను ఒక దినమైనా ఉండలేనని అతనికి తోస్తుందో, ఆ చోట మరొకరిని ఏళ్ళ తరబడి ఉంచే హక్కు అతనికి లేదు. గీతను రబ్బరుతో చెరపడానికి క్షణం చాలు. గోడ లేచిన తరువాత ఆ పొరపాటును మోసేవాడు సాధారణంగా గీసినవాడు కాడు.