వీరధర్మమూ సహపంక్తి ధర్మమూ

మనిషి గౌరవానికి ఆధారం పుట్టుకా, పరాక్రమమా, లేక ఈ రెండింటితో నిమిత్తం లేని మరొకటా అన్న ప్రశ్న మధ్యయుగపు ఆంధ్రదేశంలో పండితసభల్లో కంటే రాగిరేకుల మీదా, వీరుల గుడుల ముందూ ఎక్కువ తీవ్రంగా విచారణకు వచ్చింది. రాజ్యాలేలినవారూ సేనలు నడిపినవారూ తమ దానశాసనాల మొదట రాయించుకున్న ప్రశస్తులను, అంటే దాత వంశాన్నీ గుణగణాలనూ కీర్తించే శ్లోకభాగాలను, చరిత్రకారులు ఎక్కువగా వంశక్రమం తేల్చుకోవడానికే వాడుకున్నారు. వాటినే ధర్మవిచారణగా చదివితే, వర్ణవ్యవస్థ గీసిన గీత దాటి అధికారానికి వచ్చిన ఖడ్గధారులు ఆ గీతతో ఎక్కడ రాజీపడ్డారో, ఎక్కడ దానికి ఎదురుచెప్పారో, ఎక్కడికి వచ్చి ఆగిపోయారో బోధపడుతుంది. అటువంటి శాసనాల్లో అతి ముఖ్యమైన ఒకటి కోనసీమ గ్రామాన్ని దానం చేసిన శాసనమే కావడం వల్ల, ఈ విచారణను కోనసీమను దృష్టిలో పెట్టుకుని సాగించడం ఉచితం.

భగవద్గీత 18వ అధ్యాయం శౌర్యం, తేజస్సు, ధృతి, దక్షత, యుద్ధంలో వెన్నుచూపకపోవడం, దానం, ప్రభుభావం అనే ఏడింటిని క్షత్రియుడి స్వభావం నుంచి పుట్టే కర్మలుగా పేర్కొంటుంది. స్వభావమంటే పూర్వజన్మ సంస్కారం వల్ల ఒకానొక కులంలో పుట్టుకతోనే స్థిరపడేదని సంప్రదాయ వ్యాఖ్యానం చెబుతుండగా, ఆ గుణాలు ఎవరిలో కనిపిస్తే వారే క్షాత్రానికి అర్హులన్న భావానికి కూడా ఆ మాటల్లో చోటుంది. తెలుగుదేశపు పాలకులకు ఈ రెండో భావం కేవలం పుస్తకవిషయం కాదు. 12వ శతాబ్దంలో కోనమండలాన్ని ఏలిన హైహయులు తమను పురాణప్రసిద్ధుడైన కార్తవీర్యార్జునుడి వంశంతో ముడిపెట్టుకుని మొదటి మార్గాన్నే పట్టారు. కాకతీయుల సంగతి వేరు. వారి శాసనాల్లో అధికభాగం వర్ణప్రస్తావన లేకుండా సాగుతాయి, లేదా వారిని నాలుగో వర్ణంవారిగా చెబుతాయి. సూర్యవంశంతో కలిపే శాసనాలు కొన్నే. దక్షిణాపథంలో అంత పెద్ద రాజ్యాన్ని కట్టినవారు తమ పుట్టుకను దాచవలసిన అవసరం లేదనుకోవడం చిన్న విషయం కాదు.

ఆ రాజ్యానికి వెన్నెముక నాయంకర పద్ధతి. రాజు ఒక సీమ ఆదాయాన్ని నాయకుడికి అప్పగిస్తే, ఆ ఆదాయంతో నాయకుడు నిర్ణీత సైన్యాన్ని పోషించి రాజు పిలిచినప్పుడు యుద్ధానికి రావాలన్నది అందులోని ఒప్పందం. ఇందులో వంశం కంటే విశ్వాసపాత్రతకూ యుద్ధనైపుణ్యానికీ విలువ ఎక్కువ కాబట్టి, సేద్యం చేసుకునే కుటుంబాల నుంచి వచ్చినవారు కూడా ఒకటి రెండు తరాల్లో బిరుదులు ధరించి, చెరువులు తవ్వించి, గుళ్లు కట్టించి ప్రభువర్గంలో చేరగలిగారు. ఐరోపాలో ఇంచుమించు అదే కాలంలో నైటు పదవి, అంటే ప్రభువుకు ప్రమాణం చేసి ఆయుధం పట్టే అశ్వికుడి హోదా, మొదట సేవతో సంపాదించుకోదగినదిగా ఉండి 13వ శతాబ్దం నాటికి ఎక్కువ ప్రాంతాల్లో నైటుల కొడుకులకే పరిమితమయ్యే దిశగా సాగింది. తెలుగునాట ఆ తలుపు మరికొంతకాలం తెరిచే ఉంది.

1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన తరువాత ఆ తలుపు గుండా వచ్చినవాడే ముసునూరి ప్రోలయ నాయకుడు. 1330 ప్రాంతానికి చెందిన ఆయన విలస తామ్రశాసనం కోనసీమలోని విలస గ్రామాన్ని, నేటి అయినవిల్లి మండలంలో ఉన్న ఊరిని, వెన్నయ అనే బ్రాహ్మణ పండితుడికి దానంగా ఇచ్చిన సంగతిని నమోదు చేస్తుంది. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి పతనం తరువాత దేశం అంధకారంలో పడిందనీ, దేవాలయాలు ధ్వంసమయ్యాయనీ, అగ్రహారాలు అన్యాక్రాంతమయ్యాయనీ వర్ణించి, నాలుగో వర్ణంలో పుట్టిన ప్రోలయ శత్రువులను తరిమి ఆ అగ్రహారాలను బ్రాహ్మణులకు తిరిగి ఇచ్చాడనీ, రైతులు ఇష్టంగా ఇచ్చిన ఆరోవంతు పంటనే పన్నుగా తీసుకున్నాడనీ ఆ శాసనం కొనియాడుతుంది. పరాక్రమం, ప్రజారక్షణ, దానం, మితమైన పన్ను అన్నీ ధర్మశాస్త్రాలు క్షత్రియుడికి విధించిన పనులు. వాటిని నిర్వర్తించినవాడు క్షత్రియుడు కాడని శాసనమే నిస్సంకోచంగా చెబుతున్నది. ధర్మాన్ని నిలబెట్టే బాధ్యత ఎవరి భుజం మీద పడిందో వారిదే రాజ్యార్హత అనే ఈ వాదం అప్పటి పరిస్థితుల్లో సాహసోపేతమైనదని ఒప్పుకోవాలి. ప్రోలయ తరువాత నాయకత్వానికి వచ్చిన కాపయ నాయకుడి వెంట 75 మంది నాయకులు నిలిచారని రాజమహేంద్రవరపు రెడ్ల కాలంలో అనితల్లి వేయించిన కలువచేరు శాసనం, 1423 నాటిది, చెబుతుంది.

రెడ్డిరాజుల ప్రశస్తులు ఇంకో అడుగు వేశాయి. నాలుగో వర్ణం విష్ణుపాదాల నుంచి పుట్టింది, గంగ పుట్టింది కూడా ఆ పాదాల నుంచే, కనుక ఆ వర్ణం గంగకు తోబుట్టువై లోకాన్ని పావనం చేసేదన్నది వాటిలోని తర్కం. పురుషసూక్తం నుంచి వచ్చిన శరీర రూపకంలో పాదాలది కింది స్థానం. ఆ రూపకాన్ని కాదనకుండానే దాని అర్థాన్ని తలకిందులు చేసిన ఈ కల్పన ఎంతో మెచ్చుకోదగినది. అయితే దాని పరిమితి కూడా అక్కడే ఉంది. పాదాల పవిత్రతను చాటిన ప్రశస్తి నిచ్చెనను తీసివేయమనలేదు, తాము నిలిచిన మెట్టుకు కొత్త గౌరవం అడిగింది. విష్ణువు శరీరంలో ఏ అవయవం నుంచీ పుట్టనివారిగా లెక్కించబడి ఊరి వెలుపల ఉంచబడిన జనానికి గంగ తోబుట్టువు కాలేదు. విలస గ్రామపు మాగాణులలో దమ్ము చేసి, నాట్లు వేసి, పంట కోసి ఆ ఆరోవంతును పండించినవారి ప్రస్తావన ప్రశస్తికి అవసరమే లేకపోయింది.

వీరమరణాన్ని గురించిన మతభావన ఇంతకంటే విశాలమైనదిగా కనిపిస్తుంది. యుద్ధంలోనో, పశువులను దొంగల నుంచి కాపాడుతూనో చనిపోయినవారికి గ్రామాలు నిలిపిన రాళ్లను వీరగల్లులంటారు. వీటిలో చాలావాటిపై కింద పోరాటం, నడుమ అప్సరసలు వీరుణ్ణి తీసుకుపోవడం, పైన అతడు శివలింగం ముందు కూర్చోవడం చెక్కి ఉంటాయి. ప్రభువు కోసం ప్రాణమిస్తామని ప్రతిజ్ఞ చేసిన లెంకలు, అంటే రాజు వెన్నంటి ఉండే అంతరంగిక భటులు, కాకతీయ శాసనాల్లో గౌరవంగా కనిపిస్తారు. శివసాన్నిధ్యానికి కులం అడ్డురాదన్న ఈ విశ్వాసం నిజమైన ఔదార్యమే అయినా, సమానత్వం పొందడానికి ముందుగా చనిపోవాలన్న షరతు అందులో ఉంది. బతికి ఇంటికి తిరిగివచ్చిన భటుడు తన వాడకే తిరిగి వెళ్లాలి.

ఈ షరతును పల్నాటి గాథ నేరుగా ఎదుర్కొంది. 12వ శతాబ్దపు చివరి పాదంలో గురజాల నలగామరాజుకూ మాచెర్ల మలిదేవరాజుకూ మధ్య కోడిపందెంతో రాజుకుని కారెంపూడి దగ్గర మహాయుద్ధంగా ముగిసిన దాయాదుల పోరు, శ్రీనాథుడి పేరుతో ప్రసిద్ధమైన ద్విపద కావ్యం ద్వారానూ, వీరవిద్యావంతులనే గాయకుల నోటి ద్వారానూ మనదాకా వచ్చింది. అందులో మాచెర్ల మంత్రి బ్రహ్మనాయుడు చెన్నకేశవ భక్తుడు. చాపకూడు ఆయన పెట్టిన ఆచారంగా గాథ చెబుతుంది. చాప మీద అన్నం రాశిపోసి, అన్ని కులాలవారూ దాని చుట్టూ కూర్చుని కలిసి తినడమే చాపకూడు. మాలకులంలో పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా చేరదీసి సేనానిని చేశాడు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి వెంట అన్నదమ్ములుగా నడిచినవారిలో బ్రాహ్మణుడు, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి ఉన్నారు. ఈనాటికీ కార్తీకమాసంలో కారెంపూడిలో అయిదు రోజులు సాగే వీరారాధన ఉత్సవాల్లో మూడో రోజైన మందపోరునాడు చాపకూడు జరుగుతుంది.

కన్నమదాసు సేనాధిపత్యమూ చాపకూడూ ఒకే ఉదారభావం నుంచి పుట్టినట్టు కనిపించినా, తాత్త్వికంగా అవి రెండు వేర్వేరు ధర్మాలు. కన్నమదాసుకు దక్కిన గౌరవం ఆయన శౌర్యానికి దక్కింది. కులం అడ్డుతొలగింది, కానీ దాని చోట కత్తిసాము కొలమానంగా వచ్చి కూర్చుంది. అంత శౌర్యం లేని మాలవాడి గతి ఏమిటో ఆ గౌరవం చెప్పదు. చాపకూడులో ఎవరూ దేన్నీ నిరూపించుకోవలసిన పనిలేదు. ఆకలి ఉన్న ప్రతివాడికీ అక్కడ చోటుంది, పిరికివాడికి కూడా. మొదటిది అసాధారణుడైన ఒకణ్ణి పైకి తీసుకుంటుంది, రెండోది సాధారణులందరినీ ఒకచోట కూర్చోబెడుతుంది. భూస్వామ్య సమాజం మొదటిదాన్ని సులభంగా జీర్ణించుకోగలదు, ఎందుకంటే ప్రతి కన్నమదాసూ అది ఎంత న్యాయంగా ఉందో చెప్పే సాక్ష్యంగా మారిపోతాడు. రెండోదాన్ని జీర్ణించుకోలేకనే గాబోలు, చాపకూడు ఉత్సవంలో ఒక పూట ఆచారంగా మిగిలి, నిత్యజీవితంలోకి రాలేదు.

కోనసీమ తరువాతి చరిత్ర ఈ భేదానికి గట్టి రుజువు. నాయకులూ జమీందారులూ పోయారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు వచ్చాక లంకభూములు, మాగాణులు, కొబ్బరితోటలు ధనానికి నెలవయ్యాయి. అయినా ఏడాది కూలికి ఒప్పుకుని, తరచు అప్పుకు కట్టుబడి ఆసామి ఇంట పనిచేసే పాలేరు స్థితి చాలాకాలం మారలేదు. 1911లో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ఆ జీవితాన్నే తన 'పాలేరు' నాటకానికి వస్తువుగా తీసుకున్నారు. పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అయ్యే ఆ కథ ఎందరినో బడిబాట పట్టించింది. కానీ అక్కడ కూడా కత్తి స్థానంలో చదువు వచ్చిందే తప్ప, అధికారి కాలేకపోయిన పాలేరుకు గౌరవం ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్న మిగిలే ఉంది. అది భీమన్న లోపం కాదు. ఆయన కాలపు సమాజం ఇవ్వగలిగిన ఒకే దారిని ఆయన చూపారు.

అమలాపురంలో దసరాకు వీధుల వారీగా యువకులు కర్రసాము, కత్తిసాము ప్రదర్శించే చెడీ తాలింఖానా ఇప్పటికీ జరుగుతుంది. వీరవిద్య ఇక్కడ ప్రభువుల సొత్తుగా కాక వీధి సంపదగా నిలవడం ఎన్నదగిన విషయం. అయితే అదే పట్టణంలో, జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేర్చాలన్న నిర్ణయంపై 2022 మే 24న చెలరేగిన ఆందోళనలో ఒక మంత్రి ఇల్లూ, ఒక శాసనసభ్యుడి ఇల్లూ తగలబడ్డాయి. ప్రాంతపు పేరు మీద అభిమానం ఎవరికైనా సహజమే గానీ, రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించినవాడి పేరు పక్కన నిలబడటానికి ఇళ్లు తగలబెట్టేంత అభ్యంతరం పుట్టిందంటే, వర్ణపు మెట్ల మీద ఎవరు ఎక్కడ ఉండాలన్న పాత లెక్క ఇంకా చెరగలేదనే అనుకోవాలి. ఆ పేరు ఇప్పుడు జిల్లాకు స్థిరపడింది. విలస శాసనాన్నీ భీమన్న 'పాలేరు'నూ కోనసీమ కళాశాలల్లో పక్కపక్కన పెట్టి పాఠంగా చెప్పడం, కారెంపూడిలో ఏడాదికి ఒక రోజు పరిచే చాపను మన పెళ్లిపంక్తుల్లో, ఊరి గుడి సంతర్పణల్లో ప్రతిసారీ పరచడం, ఈ రెండు పనులకూ ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు. కోనసీమ అధ్యాపకులూ, ఆలయ ధర్మకర్తలూ, కుటుంబ పెద్దలూ వాటికి పూనుకోవాలి.