ఉద్యోగ పరీక్షయు హృదయ పరీక్షయు

ధ్యాన భాగములు: 1 సమూయేలు 16:1–13, లూకా 10:25–37



ధర్మవరములో బండి యెక్కి, పెనుకొండ, హిందూపురము దాటి బెంగుళూరికి ఉద్యోగము వెదక పోవు మన బిడ్డలను మనమెరుగుదుము. చేతిలో ఇంజనీరింగు పట్టా, గుండెలో భయము, వెనుక తల్లి ప్రార్థన. పెద్ద కంప్యూటరు కంపెనీలో ఇంటర్వ్యూ ఒక్క పూటతో తీరునది కాదు. మొదట కంప్యూటరు మీద పరీక్ష. అందులో నెగ్గినవారిని ఒకరి తరువాత ఒకరుగా అధికారులు ప్రశ్నింతురు. ఇచ్చిన సమస్యకు అక్కడికక్కడే ప్రోగ్రాము వ్రాసి చూపవలెను. తరువాత నడవడిని గూర్చిన ప్రశ్నలు. ఆపైన ఎదురుచూపు. అనేకులకు వచ్చు జవాబు ఒక్కటే: మీరు ఎంపిక కాలేదు. కారణము చెప్పువారు అరుదు.

ఆ బిడ్డ వచ్చే ఆదివారము ఆరాధనకు రాడు. దేవుని మీది కోపముచేత కాదు, మన ప్రశ్నలకు జడిసి. "ఏమప్పా, పని దొరికిందా? జీతమెంత?" అని వాకిట్లోనే అడుగుదుము. ఉద్యోగము వచ్చినవాడు కృతజ్ఞతార్పణ తెచ్చి సాక్ష్యము చెప్పును. అది మంచిదే. రానివానికి సాక్ష్యము లేదా? కంపెనీ వద్దన్నంత మాత్రమున మనుష్యుని విలువ తగ్గునా?

ఇంటర్వ్యూ దేనిని తూచునో మొదట ఆలోచింతము. ధర్మవరములో పట్టుచీర కొనువాడు జరీని చూచును, అంచును చూచును. నేసినవాని ఓర్పు అతనికి కనబడదు. కంపెనీవారి చూపును అట్టిదే. ఒక యోగ్యుడు తప్పిపోయినను సరే, అయోగ్యుడు లోపలికి రాకూడదను నియమము అట్టి కంపెనీలలో చాలకాలముగా నున్నది. విమానములో ఎన్ని గోల్ఫు బంతులు పట్టునను వింత ప్రశ్నలను కూడ కొన్నిచోట్ల అడిగెడివారు. గూగుల్ కంపెనీలో ఉద్యోగుల వ్యవహారములకు పెద్దగా నుండిన లాస్లో బాక్ గారు, అట్టి ప్రశ్నలవలన అభ్యర్థిని గూర్చి ఏమియు తెలియదనియు, అడుగువానికి తాను తెలివిగలవాడనను తృప్తి మాత్రమే కలుగుననియు 2013లో ఒప్పుకొనిరి. తూచువారే తమ త్రాసును శంకించుచుండగా, మనము ఆ తూనికను దేవుని తీర్పుగా ఎంచుట తగునా?

యెష్షయి కుమారులను జ్ఞాపకము చేసికొందము. ఏడుగురు సమూయేలు యెదుట నడిచిరి, ఏడుగురును ఎన్నుకొనబడలేదు. ఎనిమిదవవానిని తండ్రి పిలువనే లేదు. అతడు గొఱ్ఱెలయొద్ద నుండెను. దేవుడు హృదయమును చూచునను మాటను మనము తరచుగా చెప్పుకొందుము. కాని ఐదవ వచనమును గమనింపము. ప్రవక్త ఆ కుమారులను పరీక్షింపకమునుపే పరిశుద్ధపరచి బలికి పిలిచెను. ఏలీయాబును త్రోసివేసితినని దేవుడు పలికినది రాజ్యాభిషేకమును గూర్చియే గాని, ఆ బలికి వచ్చిన పిలుపును గూర్చి కాదు. ప్రభువు బల్లయొద్ద మన స్థానమును అట్టిదే. అది మన పరీక్షలకు ముందే ఇయ్యబడినది. ఏ కంపెనీయు దానిని తీసివేయలేదు.

ఇప్పుడు ఒక ఇంటర్వ్యూ సంగతి వినుడి. సత్య నాదెళ్ల గారు హైదరాబాదులో పుట్టినవారు. వారి తండ్రి యుగంధర్ గారు మన పొరుగు అనంతపురము జిల్లా బుక్కాపురము వారు. 1992లో అమెరికాలో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఇంటర్వ్యూకు పోయినప్పుడు, రిచర్డ్ టైట్ అను అధికారి ఒక ప్రశ్న వేసెను: వీధిలో పసిబిడ్డ పడి యేడ్చుచున్నది, నీవేమి చేయుదువు? అత్యవసర సహాయమునకు 911 కు ఫోను చేయుదునని యువకుడు చెప్పెను. అధికారి ఆయనను బయటికి నడిపించి, భుజము మీద చేయి వేసి, ముందు బిడ్డను ఎత్తుకొనవలెనని బోధించెను. ఇక ఉద్యోగము రాదని ఆయన తలంచెను, అయినను వచ్చెను. 2014లో ఆయన ఆ కంపెనీకి అధిపతి యాయెను. 1996లో తీవ్రమైన అంగవైకల్యముతో పుట్టిన తన కుమారుని పెంచుటలోనే కనికరమును నేర్చుకొంటినని 2017లో ప్రచురించిన తన పుస్తకములో తెలిపిరి.

ఆ పదవిని చూచి ఈ సంగతి చెప్పుట లేదు. ఆ దినము ఉద్యోగము రాకపోయినను ఆ పాఠము సత్యమే. యాజకుడును లేవీయుడును తప్పిన ప్రశ్న అదే. సమరయుడు నెగ్గిన ప్రశ్నయు అదే. అతడు ఎవరికిని కబురు పెట్టలేదు. దగ్గరకు పోయి గాయములు కట్టెను.

మన త్రోవలో పడియున్న బిడ్డ యెవరు? సాయంకాలపు బండిలో హిందూపురములో దిగి, ఎవరికంటను పడక ఇల్లు చేరు యువకుడు కాడా? మన ప్రశ్నల సిగ్గుకు తాళలేక కొందరు దొంగ అనుభవ పత్రములు కొని అబద్ధములో చిక్కుకొనుచున్నారు. ఆ పాపములో మనకు పాలు లేదనగలమా? కావున జీతమెంతయని అడుగుట మానుదము. భోజనమునకు పిలుతము. బెంగుళూరులో పని దొరికినవారు సెలవునకు వచ్చినప్పుడు, దొరకనివారితో కూర్చుండి ప్రశ్నలకు జవాబులు అభ్యాసము చేయింతురు గాక. మరుసటి ప్రయాణమునకు బండి ఛార్జీ లేనివానికి సంఘము ఇచ్చును గాక.

ప్రార్థన: హృదయములను ఎరిగిన తండ్రీ, ఎంపిక కాని మా బిడ్డలను మేము త్రోవలో విడిచి ప్రక్కగా పోకుండ, ఎత్తుకొను చేతులను మాకు దయచేయుము. ఆమేన్.