పాత్రకు వెల, మనిషికి వెల

సూరత్‌లోని లింబాయత్‌లో పవర్‌లూమ్‌ల చప్పుడు మధ్య బతికే తెలుగువాళ్లం మేము. మా మిత్రుడొకాయన పాత జర్మన్ పింగాణీని వేలంలో కొంటాడు. ఈమధ్య బొజ్జ బొమ్మ తెచ్చి "బుద్ధుడే" అన్నాడు. కాదు. అది చైనావారి బుడై అనే భిక్షువు రూపం. 1710లో మొదలైన మైసెన్ కర్మాగారం తొలినాళ్లలోనే అలాంటివి చేసింది.

అనుకున్నదానికి రెట్టింపు పెట్టాడట. ఎందుకంటే అవతల ఇంకొకరు పాట పెంచారు. బొమ్మ అదే, మట్టి అదే. పెరిగింది తృష్ణ.

1717లో సాక్సనీ పాలకుడు అగస్టస్ 151 చైనా పింగాణీ పాత్రల కోసం 600 మంది సైనికులను ప్రష్యా రాజుకు అప్పగించాడు. వాటిలోని పెద్ద జాడీలను నేటికీ 'డ్రాగూన్ జాడీలు' అంటారు. డ్రాగూన్లంటే ఆ సైనికులే. మనుషులు పోయి జాడీలకు పేరు మిగిలింది.

తప్పు మట్టిదా? భిక్షువుకూ మట్టిపాత్ర ఉంది. కానీ అదనపు పాత్రను పది రోజులకు మించి ఉంచుకోరాదని వినయ నియమం. గృహస్థుకు ఆ నియమం లేదు, ఒప్పుకుంటాం. అయినా ఒక వస్తువు కోసం ఎవరిని ఇచ్చేస్తున్నామన్న ప్రశ్న గృహస్థుకూ ఉంది. మిత్రుణ్ణి అదే అడిగాం. ఆ నెల కూతురి ఫీజు వాయిదా వేశానని మెల్లగా చెప్పాడు.

బొమ్మ ఇప్పుడు బీరువాలో ఉంది, పిల్లలు ముట్టకుండా.