హలాల్ అయితే సరిపోతుందా?
(పసిపిల్లల పళ్ళెం గురించి కొన్ని ఆలోచనలు)

పిల్లలు అల్లాహ్ మన చేతికిచ్చిన అమానతు. అమానతు అంటే అప్పగింత. అప్పగించినవాడు ఒకరోజు లెక్క అడుగుతాడు. బిడ్డకు కలిమా నేర్పామా, నమాజు నేర్పామా, అబద్ధమాడకూడదని చెప్పామా అన్న విషయాల్లో మనం ఎంతో కొంత శ్రద్ధ చూపుతాం. కాని ఆ బిడ్డ శరీరం కూడా అప్పగింతేనన్న సంగతి చాలామందికి గుర్తుండదు. "మా ఇంట్లోకి హరామ్ ముద్ద రాదు, వాడు ఏది తిన్నా హలాలే కదా!" అని నిశ్చింతగా ఉండిపోతాం. మరి హలాల్ అయితే సరిపోతుందా?

రెండు మాటలు, ఒకే ఆజ్ఞ

దివ్యఖుర్ఆన్ ఆహారాన్ని గురించి చెప్పిన పలుచోట్ల 'హలాల్' పక్కనే 'తయ్యిబ్' అన్న మాట కూడా ఉంది (2:168, 5:88, 16:114). హలాల్ అంటే ధర్మసమ్మతమైనది. తయ్యిబ్ అంటే శుద్ధమైనది, మేలైనది. మనం మొదటి మాటను గట్టిగా పట్టుకున్నాం, రెండో మాటను వదిలేశాం. వీధి చివర అంగడిలో వేలాడే రంగురంగుల పొట్లంలో నిషిద్ధ పదార్థం ఏదీ లేకపోవచ్చు. కాని మూడేళ్ళ బిడ్డ అన్నం వేళకు ఆ ఉప్పూ నూనెతోనే కడుపు నింపుకుంటే ఆ పూట వాడికి దక్కవలసిన హక్కు దక్కలేదన్నమాట. తినడంలో, తాగడంలో హద్దు మీరవద్దని కూడా అల్లాహ్ హెచ్చరించాడు (7:31). పసివాడికి హద్దు తెలియదు. వాడి హద్దును కాపాడవలసింది మనమే.

"రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్. ఏ ముద్దలో ఏముందో ఈ లెక్కలెందుకు? మన పెద్దలు ఇవన్నీ చూసే మనల్ని పెంచారా?" అని కొందరు అడుగుతారు. నిజమే, పెద్దలు పుస్తకం ముందేసుకుని లెక్కలు చూడలేదు. కాని వారి పళ్ళెంలోనే లెక్క ఉండేది. మన చిత్తూరు పల్లెల్లో రాగిసంగటి ముద్ద, చెనక్కాయల ఊరిబిండి, ఆకుకూర పుల్లగూర, సంక్రాంతి రోజుల్లో అనపగింజల పితికిపప్పు - ఇదీ మామూలు భోజనం. వంద గ్రాముల రాగుల్లో ఎముకలకు బలమిచ్చే కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అదే పాలిష్ పట్టిన బియ్యంలో 10 మిల్లీగ్రాములకు మించదు.

1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం వచ్చాక ఎన్నో ఇళ్ళలో ఆకలి తీరింది. అందుకు కృతజ్ఞులమై ఉండాలి. కాని దానితోపాటే 'సంగటి పేదవాళ్ళ తిండి' అన్న చిన్నచూపు కూడా పెరిగింది. తెల్లటి అన్నం గౌరవానికి గుర్తయింది. ఆశ్చర్యమేమిటంటే, 2023 మార్చిలో ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. చెనక్కాయలు, బెల్లం కలిపిన చిక్కీ అంతకుముందే బడి భోజనంలో చేరింది. మన పొలాల్లో పండేదాన్నే మన పిల్లలకు బడి మళ్ళీ పరిచయం చేయవలసి వచ్చింది! అల్లాహ్ ఇచ్చిన మేలైన రిజ్ఖ్‌ను సిగ్గుపడి వదిలెయ్యడం కృతజ్ఞత అవుతుందా? ఆలోచించండి.

గంజి గిన్నెలో పాఠం

బిడ్డకు ఆహార వర్గాల గురించి చెప్పడం పెద్ద చదువేమీ కాదు. బలం ఇచ్చేవి, ఒళ్ళు పెంచేవి, జబ్బు నుండి కాపాడేవి - ఈ మూడు మాటలు మూడేళ్ళ బిడ్డకు కూడా అర్థమవుతాయి. రమజాన్‌లో మన తిరుపతి, చిత్తూరు మసీదుల్లో ఇఫ్తార్‌కు పంచే గంజినే తీసుకోండి. అందులోని బియ్యం పరుగెత్తడానికి బలమిస్తుంది. పెసరపప్పు, ఖీమా ఒళ్ళు పెంచుతాయి. పుదీన, కొత్తిమీర, టమోటా ఒంటిని కాపాడతాయి. గిన్నె ముందు పెట్టి "ఇందులో నిన్ను పెంచేది ఏది నాన్నా?" అని అడగండి. వాడు వెతికి చూపిస్తాడు. ఆ తర్వాత ఏ పళ్ళెం ముందు కూర్చున్నా ఆ ప్రశ్న వాడే వేసుకుంటాడు.

ఈ ప్రశ్న పెద్దలు కూడా వేసుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన సూచనల ప్రకారం, రోజూ మనకు అందే శక్తిలో బియ్యం, గోధుమ, రాగి వంటి ధాన్యాల వాటా 45 శాతానికి మించకూడదు. మిగతాది పప్పులు, కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, పాలు, గుడ్లు, గింజల నుండి రావాలి. మన పళ్ళెంలో అన్నం కొండలా, కూర గోరంతగా ఉంటే ఆ లెక్క ఎలా కుదురుతుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో ప్రతి పదిమందిలో ఆరుగురికి రక్తహీనత ఉంది. అయినా పొద్దున్నే పసివాడి చేతికి చాయ్ గ్లాసు, బన్ను ఇచ్చి ఊరుకునే ఇళ్ళు మనలో ఎన్నో! ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా చాయ్ అడ్డుపడుతుంది. ఆకుకూర మీద పిండిన నిమ్మరసం అది పట్టేలా చేస్తుంది. రెండేళ్ళు నిండని బిడ్డకు చక్కెర కలిపి ఏదీ పెట్టకపోవడమే మంచిదని వైద్యులు చెబుతారు. ఐదేళ్ళలోపు పిల్లలకు చెనక్కాయలు గింజలుగా ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడవచ్చు. పొడి చేసి పెట్టండి. వీటిలో వేటికీ పెద్ద ఖర్చు లేదు. పెరట్లోని మునగాకుకు, వీధిలోకి వచ్చే జామకాయలకు ఎంత డబ్బు కావాలి?

ప్రవక్త (స) నేర్పిన తీరు

అయితే ఎలా నేర్పాలి? హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమా (రజి) బాల్యంలో దైవప్రవక్త (స) సంరక్షణలో పెరిగారు. భోజనం చేసేటప్పుడు ఆ పిల్లవాడి చెయ్యి పళ్ళెమంతా తిరిగేది. ప్రవక్త (స) కోపగించుకోలేదు. బిస్మిల్లాహ్ అనాలని, కుడిచేత్తో తినాలని, తన ముందున్నదే తినాలని ప్రేమగా చెప్పారు. మూడే మాటలు. ఆ తర్వాత జీవితాంతం తాను అలాగే తిన్నానని ఆయన చెప్పుకున్నారు (బుఖారీ). ఆ మూడు మాటలు అంతగా నాటుకోవడానికి కారణమేమిటి? చెప్పినవారు అదే పళ్ళెంలో పక్కన కూర్చుని తింటున్నారు. మనమేమో పిల్లవాడికి టీవీ ముందో, సెల్‌ఫోన్ ముందో అన్నం పెట్టి, వేరే గదిలో మనం తిని, వాడికి పద్ధతి రాలేదని బాధపడతాం.

కాదని చెప్పవలసిన చోట ఆయన గట్టిగానే చెప్పారు. ముద్దుల మనవడు హజ్రత్ హసన్ (రజి) పసితనంలో సదఖా ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుంటే, తమ కుటుంబానికి అది తగదని చెప్పి ఉమ్మివేయించారు (బుఖారీ). ప్రేమ ఉన్నచోట 'వద్దు' అన్న మాట కూడా ఉంటుంది. ఏడిస్తే కొనివ్వడమే ప్రేమ అనుకుంటే, మనం బిడ్డను సంతోషపెట్టడం లేదు, మన చెవులకు విశ్రాంతి కొనుక్కుంటున్నాం.

అలాగని బలవంతంగా నోట్లో కుక్కడమూ తగదు. వడ్డించిన ఉడుము మాంసాన్ని ప్రవక్త (స) తినలేదు. అది తన ప్రాంతపు తిండి కాదని, మనసు ఒప్పడం లేదని చెప్పారు. పక్కనున్న హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) తింటే అడ్డు చెప్పలేదు (బుఖారీ). అంటే నాలుకకూ ఒక స్వేచ్ఛ ఉంది. ఈ రోజు కాకరకాయ వద్దన్న బిడ్డను కొట్టవద్దు. నాలుగు రోజులాగి మళ్ళీ కొంచెం పెట్టండి. ఎనిమిది, పదిసార్లు రుచి చూశాకగాని కొన్ని కూరలు పిల్లలకు అలవాటు కావు. ఏం వండాలన్నది మన బాధ్యత. ఎంత తినాలన్నది వాడి కడుపుకు వదిలెయ్యాలి.

రెండు ప్రమాదాలు

ఇక్కడ రెండు విషయాల్లో జాగ్రత్త అవసరం. మొదటిది గర్వం. 'ఇది మంచి తిండి, అది చెడ్డ తిండి' అని నూరిపోస్తే, పొరుగింటి పేదబిడ్డ పచ్చడిమెతుకులు తింటుంటే మనవాడు మూతి విరుస్తాడు. ప్రవక్త (స) ఏ ఆహారానికీ ఎన్నడూ వంక పెట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు (బుఖారీ, ముస్లిం). అందుకే 'చెడ్డ తిండి' అనకండి. 'ఇది రోజూ తినేది, అది పండగకు తినేది' అనండి. పండగనాటి షీర్‌ఖుర్మా ఆ రోజుకు అందం. అదే రోజూ అయితే పండగా ఉండదు, ఒళ్ళూ ఉండదు. బిడ్డకు మేలైన తిండి గురించి నేర్పిన నోటితోనే దాన్ని పంచుకోవడం కూడా నేర్పాలి. లేకుంటే మనం పెంచింది శరీరాన్నే గాని మనిషిని కాదు.

రెండవది పక్షపాతం. ఉన్న ఒక్క గుడ్డు కొడుకు పళ్ళెంలోకి, పాలమీగడ కొడుకు గ్లాసులోకి వెళ్ళే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. సంతానం మధ్య న్యాయం చేయమని ప్రవక్త (స) ఆదేశించారు (బుఖారీ). ఆ న్యాయం ఆస్తి పంపకం నాడు మొదలు కాదు, అన్నం వడ్డించే గరిటెతోనే మొదలవుతుంది. రేపు తల్లి కావలసిన ఆడబిడ్డ రక్తహీనతతో పెరిగితే ఆ లోటు మరో తరానికి కూడా అంటుతుంది. అందరూ తిన్నాక అడుగూబొడుగూ తినే తల్లిని చూసి కూతురు నేర్చుకునేది కూడా అదే. కాబట్టి భర్తలారా! మీ భార్య పళ్ళెం వైపు కూడా ఒకసారి చూడండి.

బిడ్డ చేత ముద్దకు ముందు బిస్మిల్లాహ్ అనిపిస్తున్నాం. ఎంత మంచి అలవాటు! అల్లాహ్ పేరుతో మొదలయ్యే ఆ ముద్ద, అల్లాహ్ ఇచ్చిన శరీరానికి మేలు చేసేదై ఉండాలన్న తలంపు కూడా మనకు ఉండాలి. హలాల్‌ను ఎన్నుకునే భక్తినీ, తయ్యిబ్‌ను గుర్తించే తెలివినీ, ఉన్నదాన్ని న్యాయంగా పంచే మనసునూ అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.